పాలయకాట్ లుంగీ పుట్టిన ఊరు

మన ఇళ్ళలో పాలయకాట్ లుంగీ తెలియనివారు ఉండరు. బట్టల కొట్టుకు వెళ్ళి "మంచి పాలయకాట్ చూపించండి" అని అడిగే పెద్దవాళ్ళు ఈనాటికీ ఉన్నారు. అది కంపెనీ పేరని కొందరనుకుంటారు, గళ్ళ నమూనా పేరని మరికొందరనుకుంటారు. నిజానికి అది ఒక ఊరి పేరు. చెన్నై మహానగరానికి ఉత్తరాన సుమారు 55 కిలోమీటర్ల దూరంలో, ఆంధ్ర సరిహద్దు దగ్గర, సముద్రానికీ పెద్ద ఉప్పునీటి సరస్సుకూ నడుమ ఆ ఊరు ఉన్నది. తమిళులు పళవేర్కాడు అంటారు. పరదేశపు ఓడలవాళ్ళు పలియకాట్ అని రాసుకున్నారు. ఇంగ్లీషువాళ్ళ నోట అది పులికాట్ అయింది. పక్కనున్న సరస్సును మన తెలుగువాళ్ళు ప్రళయ కావేరి అని పిలుచుకున్నారు.

ఇవాళ అక్కడ బస్సు దిగినవారికి ఒక చిన్న పల్లెపట్టు కనబడుతుంది. చేపల వేలం, ఎండబెట్టిన వలలు, రెండు మూడు పాత మసీదులు, ఒక చర్చి, గుడులు, కంపచెట్లు పెరిగిన ఒక మట్టిదిబ్బ. అంతే. "ఇదేనా ఆ మహా రేవుపట్నం?" అని అనుకోనివారు ఉండరు. అయితే నాలుగు వందల ఏళ్ళ క్రితం చెన్నపట్నం పేరే లేని రోజుల్లో ఈ ఊరి పేరు మక్కా దారిలోనూ, మలయా దీవుల్లోనూ తెలుసు. ఆ పేరు నిలబెట్టినవారిలో ముస్లిములకు పెద్ద పాలు ఉన్నది. ఆ సంగతి మన పిల్లలకు తెలియాలనే ఉద్దేశంతో ఈ నాలుగు మాటలు రాయడమైనది.

ఓడల మనుషులు

ఈ తీరానికి ఇస్లాం కత్తితో రాలేదు, సరుకుల మూటలతో వచ్చింది. అరబ్బు వర్తకులు గాలివాటు చూసుకొని వచ్చి, మళ్ళీ గాలి తిరిగేవరకు ఇక్కడే ఉండి, ఇక్కడి ఆడపడుచులను నిఖా చేసుకొని ఈ నేలవారే అయిపోయారు. వారి సంతతినే మరక్కాయర్లు, లబ్బైలు అంటున్నాము. 'మరక్కలం' అంటే తమిళంలో ఓడ. మరక్కాయరు అనే పేరు దాని నుండే వచ్చిందని చాలామంది చెబుతారు. 13వ శతాబ్దంలో మక్కా పాలకునితో పడక నాలుగు ఓడల్లో బయలుదేరి వచ్చిన అరబ్బు కుటుంబాలు తమ మూలపురుషులని పళవేర్కాడు ముస్లిములు తరతరాలుగా చెప్పుకుంటున్నారు.

వీరు మాట్లాడింది తమిళం. కాని చాలాకాలం దానిని అరబ్బీ లిపిలో రాసుకున్నారు. ఆ రాతను అర్వీ అంటారు. దీని సంగతులు, మసలాలు, వైద్యం, కథలు అన్నీ అందులో రాసుకున్నారు. భాష నేలది, లిపి దీన్‌ది. రెండింటినీ విడిచిపెట్టకుండా బతకవచ్చునని వారు చూపించారు. తెలుగు మాట్లాడుతూ నమాజు చదివే మనకు ఇది వేరే చెప్పనక్కరలేదు.

ఆ రోజుల్లో ఈ రేవు విజయనగర రాజ్యానికి ముఖ్యమైనది. 16వ శతాబ్దం మొదట్లో ఈ తీరాల గురించి రాసిన పోర్చుగీసువాడు బార్బోసా, ఇక్కడ ముస్లిము వర్తకులూ హిందూ వర్తకులూ కలిసి పెద్ద వ్యాపారం చేస్తున్నారని, పెగూ నుండి కెంపులు వస్తున్నాయని చెప్పాడు. రాజు హిందువు, ఓడ ముస్లిముది, నేత పద్మసాలీలదీ దేవాంగులదీ కైకోలర్లదీ. ఎవరి పని వారు చేశారు, అందరి కడుపు నిండింది.

తరువాత పోర్చుగీసువారు సముద్రం తమదే అన్నారు. తమ చీటీ లేని ఓడను పట్టుకుంటామన్నారు. ఆ చీటీనే కర్తాజ్ అనేవారు. దానివల్ల ముస్లిము ఓడలవాళ్ళు పడిన బాధలు ఇన్ని అన్ని కావు. అందుచేతనే పోర్చుగీసులకు పోటీగా మరొకరు వచ్చినప్పుడు ఈ తీరం తలుపు తెరిచింది. వచ్చినవారు డచ్చివారు. మన పాతకాలంవాళ్ళు వారిని వలందావారు అనేవారు. బందరులో వలందపాలెం అనే పేట ఆ పేరుతోనే మిగిలి ఉన్నది.

గెల్డ్రియా కోట

1610లో డచ్చివారు విజయనగర ప్రభువు వెంకటపతి దేవరాయల నుండి పులికాట్‌లో వర్తకం చేసుకునే అనుమతి పొందారు. 1612లో శాంథోము నుండి పోర్చుగీసులు వచ్చి వారి స్థావరాన్ని పాడుచేశారు. మరుసటి ఏడు, 1613లో, డచ్చివారు అక్కడ గట్టి కోట కట్టుకున్నారు. అధికారి వెమ్మర్ వాన్ బెర్ఖెం తన సొంత సీమ గెల్డర్‌లాండ్ జ్ఞాపకంగా దానికి గెల్డ్రియా అని పేరు పెట్టాడు. కోరమండల తీరంలో డచ్చివారి వ్యవహారాలకు అదే ముఖ్యస్థానమైంది. కోటలో నాణేలు ముద్రించారు. తుపాకిమందు తయారుచేసి దూరదేశాలకు పంపారు.

ఇక్కడ తెలుగువారి పాత్ర కూడా చెప్పుకోవాలి. డచ్చివారికి సరుకు సమకూర్చిన పెద్ద వర్తకుల్లో అచ్యుతప్ప చెట్టి, ఆయన తమ్ముడు చిన్నన్న చెట్టి ముఖ్యులు. వారు తెలుగు బలిజలు. సొంత ఓడలు నడిపారు, రాజుల వద్ద రాయబారాలు నడిపారు. 1640లలో మీర్ జుమ్లా నాయకత్వాన గోల్కొండ సైన్యం కర్ణాటక సీమలోకి దిగిన తరువాత ఈ ప్రాంతం కుతుబ్‌షాహీల ఏలుబడిలోకి వచ్చింది. 1687లో గోల్కొండ పడిపోయాక మొగలాయీల కిందికి పోయింది. ప్రభువులు మారినా గెల్డ్రియా కోటలో డచ్చి జెండా ఎగురుతూనే ఉండేది.

ఇంగ్లీషువారు ఈ ఊరికి 1611లోనే వచ్చారు. గ్లోబ్ అనే ఓడలో వచ్చిన వారిని డచ్చివారు ఇక్కడ వర్తకం చేయనివ్వలేదు. వారు ఉత్తరానికి పోయి నిజాంపట్నం, బందరు చేరుకున్నారు. చాలాకాలం తిరిగి తిరిగి, చివరకు 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర ఒక ఇసుకతిన్నె సంపాదించుకున్నారు. అదే చెన్నపట్నం అయింది. అంటే గెల్డ్రియా కోట లేచిన 26 ఏళ్ళకు మద్రాసు పుట్టిందన్నమాట. ఇవాళ మనం పులికాట్‌ను చెన్నై పక్క ఊరు అంటున్నాము. ఆ రోజుల్లో చెన్నపట్నమే పులికాట్ పక్క ఊరు.

గళ్ళగుడ్డ చేసిన ప్రయాణం

డచ్చివారికి కావలసింది తూర్పు దీవుల లవంగం, జాజికాయ, జాపత్రి. ఆ దీవులవాళ్ళు ఊరికే వెండి ఇస్తే తృప్తిపడేవారు కాదు, కోరమండలపు గుడ్డ కావాలనేవారు. ఈ గుడ్డ లేనిదే ఆ మసాలా దినుసులు దొరకవు. అందుకే ఇంత దూరాన ఈ కోట. ఈ తీరంలో దొరికే చిరివేరుతో అద్దిన ఎరుపు ఎంత ఉతికినా వదలదు. నీలిమందుతో వేసిన నీలం కూడా అంతే. ఎరుపు, నీలం, తెలుపు నూలుతో గళ్ళు వేసి నేసిన బట్టలు పులికాట్ ఓడల మీద మలక్కాకు, జావాకు, సుమత్రాకు, మలుకు దీవులకు పోయాయి.

అక్కడివారు ఆ గుడ్డను ఊరి పేరుతోనే పిలిచారు. మలేషియాలోనూ, చుట్టుపక్కల మలయా భాష మాట్లాడే ప్రాంతాల్లోనూ ఈనాటికీ గళ్ళ లుంగీని 'కైన్ పెలీకాత్' అంటారు. కైన్ అంటే గుడ్డ. పెలీకాత్ అంటే మన పలియకాట్. అక్కడి ముస్లిము సోదరులు ఇంట్లో కట్టుకునేదీ, జుమాకు మసీదుకు కట్టుకువెళ్ళేదీ అదే. ఆ లుంగీ కట్టుకొని సజ్దాలో వంగే మలయా ముస్లిములలో ఎందరికి ఈ పల్లె సంగతి తెలుసునో! మనకు మాత్రం తెలిసి ఉండాలి కదా.

పులికాట్ పేరుతో గళ్ళ రుమాళ్ళు కూడా పడమటి దేశాలకు వెళ్ళాయి. ఆ రకమే కాలక్రమాన మద్రాసు రుమాలు పేరుతో ప్రసిద్ధికెక్కింది. మన చీరాల, పేరాల, జాండ్రపేట నేతగాళ్ళు ఆ మద్రాసు రుమాళ్ళను పశ్చిమ ఆఫ్రికా కోసం నేశారు. నూలును నూనెలో నానబెట్టి నేసిన తేలియా రుమాళ్ళను తలకు చుట్టుకోవడానికి అరబ్బు దేశాలవాళ్ళు తెప్పించుకున్నారు. ఈ విధంగా నెల్లూరు సీమ నుండి గుంటూరు సీమ దాకా ఈ తీరమంతా ఒకే మగ్గం చప్పుడుతో బతికింది.

ఓడల్లో పోయిన మనుషులు

గుడ్డ కథ గర్వంగా చెప్పుకోవచ్చు. అయితే అదే ఓడల్లో మనుషులు కూడా పోయారు. 17వ శతాబ్దంలో యుద్ధాలూ కరువులూ వచ్చినప్పుడల్లా ఈ తీరంలో మనుషుల ధర పడిపోయింది. ఆకలికి తాళలేక తమను తామే అమ్ముకున్నవారు, బిడ్డలను అమ్ముకున్నవారు, దళారుల చేతికి చిక్కినవారు ఉన్నారు. డచ్చివారు పులికాట్ నుండి అలాంటివారిని వేల సంఖ్యలో ఓడలెక్కించి బటావియాకు తరలించారు. అదే ఈనాటి జకార్తా. కొన్నవారు పరదేశులే కాని, అమ్మినవారిలో మన దేశపు దళారులూ ఉన్నారు. చరిత్ర చెప్పుకునేటప్పుడు ఈ ముక్క దాచుకోరాదు.

పళవేర్కాడులో డచ్చివారి ఖబరస్తాన్ ఉన్నది. పురావస్తుశాఖ వారి రక్షణలో ఉన్న 76 సమాధులు అక్కడ కనబడతాయి. ద్వారం దగ్గర రాతిలో చెక్కిన ఎముకల గూళ్ళు, సమాధుల మీద వంశచిహ్నాలు, నునుపైన రాయి మీద లోతుగా చెక్కిన అక్షరాలు. వర్తకుల పేర్లు, అధికారుల పేర్లు, వారి భార్యాబిడ్డల పేర్లు నేటికీ చదువుకోవచ్చు. కాని ఆ ఓడల్లో పోయిన మనుషుల పేర్లు ఏ రాయి మీదా లేవు. వారిలో హిందువులెందరో, ముస్లిములెందరో, తెలుగు వారెందరో, తమిళులెందరో! వారికి సమాధి లేదు, ఫాతిహా చదివేవారు లేరు. బానిస మెడను విడిపించడమే కష్టమైన కొండదారి ఎక్కడమని ఖురాన్ 90వ సూరా మనకు చెబుతున్నది. అక్కడికి వెళ్ళినవారు చెక్కడపు పని చూసి మెచ్చుకున్నాక, ఒక్క నిమిషం ఆగి పేరులేని వారి కోసం కూడా దుఆ చేస్తే బాగుంటుంది.

రేవు ఎందుకు మూగబోయింది

1690లో డచ్చివారు తమ ముఖ్యస్థానాన్ని నాగపట్నానికి మార్చుకున్నారు. అప్పటికే మద్రాసు పెరుగుతున్నది. నేతగాళ్ళు, వర్తకులు, దుబాసీలు పని ఉన్నచోటికి పోయారు. 1781లో నాగపట్నం ఇంగ్లీషువారి పాలయ్యాక ముఖ్యస్థానం మళ్ళీ పులికాట్‌కు వచ్చింది కాని, ఆ పాత వైభవం రాలేదు. 1795లో కోటను ఇంగ్లీషువారు పట్టుకున్నారు. 1818లో తిరిగి ఇచ్చారు. 1824 ఒడంబడిక ప్రకారం 1825లో పూర్తిగా తీసుకున్నారు. డచ్చివారు భారతదేశంలో తమ స్థావరాలు వదులుకొని, సుమత్రాలోని బెన్‌కూలెన్‌ను పుచ్చుకున్నారు. ఊళ్ళకు ఊళ్ళు, అందులో మనుషులతో సహా, కాగితం మీద మారకమయ్యాయి. ఊరివాళ్ళను ఎవరూ అడగలేదు.

ఆ మీదట మిల్లుగుడ్డ వచ్చి చేతినేతను దెబ్బతీసింది. పెద్ద ఓడలకు మద్రాసే రేవైంది. బకింగ్‌హాం కాలువ ఉన్న రోజుల్లో పడవల రాకపోకలతో ఊరికి కొంత కళ ఉండేది. ఆ కాలువ పులికాట్ సరస్సు మీదుగా మన కృష్ణాసీమ కాలువల దాకా కలిసి ఉండేది. నెల్లూరు తట్టు నుండి ఉప్పు, కట్టెలు, సరుకులు పడవల మీద మద్రాసు చేరేవి. రైలూ లారీలూ వచ్చాక ఆ పడవలు కూడా పోయాయి. రేవు మూగబోవడానికి కారణం ఒక్కటి కాదండీ. రాజకీయం కొంత, యంత్రం కొంత, పక్కన పెరిగిన మహానగరం కొంత.

ఇవాళ వెళ్ళి చూడవలసినవి

వెళ్ళడం కష్టమేమీ కాదు. చెన్నై–గూడూరు రైలుమార్గంలో పొన్నేరి స్టేషను ఉన్నది. చెన్నై సెంట్రల్ నుండి లోకల్ రైళ్ళు ఆగుతాయి. అక్కడి నుండి తూర్పుగా బస్సులో వెళ్ళాలి. నెల్లూరు, గూడూరు వైపు నుండి వచ్చేవారు కూడా పొన్నేరిలో దిగవచ్చు.

మొదట మసీదులు. ఒక పాత మసీదులో ఎండ గడియారం ఉన్నది. చేతి గడియారాలు లేని రోజుల్లో నీడను చూసి జుహర్, అసర్ వేళలు తెలుసుకునేవారు. నమాజు వేళకు వెళితే జమాతుతో కలిసే భాగ్యమూ దొరుకుతుంది. తరువాత డచ్చి సమాధులు. ఆపైన కోట దిబ్బ. గోడలు లేవు, కందకం జాడ మాత్రం ఉన్నది. పోర్చుగీసు కాలం నాటి మూలాలున్న మాత చర్చి ఉన్నది. అన్ని మతాలవాళ్ళూ అక్కడికి పోతారు.

అన్నిటికన్న ముఖ్యం తాటాకు పని. పళవేర్కాడు ముస్లిము స్త్రీలు తాటాకును సన్నగా చీల్చి, రంగులద్ది, పెట్టెలు, బుట్టలు, చిన్న చిన్న సంచులు అల్లుతారు. ఇంటి గడప దాటకుండా, పరదా వదలకుండా నాలుగు డబ్బులు సంపాదించుకునే మార్గంగా ఇది తల్లి నుండి కూతురికి వస్తున్నది. ఒక పెట్టె మూత కచ్చితంగా బిగిసేలా అల్లడానికి ఎంత లెక్క తెలియాలో ఒకసారి చేతిలో పట్టుకొని చూస్తే అర్థమవుతుంది. మగ్గం చప్పుడు పోయిన ఊళ్ళో గళ్ళ నమూనా ఇంకా బతికి ఉన్నదీ అంటే అది ఈ తాటాకు మీదనే. వెళ్ళినవారు బేరం ఎక్కువ చేయకుండా నాలుగు పెట్టెలు కొనండి. లుంగీలు మాత్రం ఇప్పుడు వేరే ఊళ్ళలో, చాలావరకు మరమగ్గాల మీద తయారవుతున్నాయి. పేరు ఇక్కడిది, కూలి మరొక ఊరిది.

సరస్సు సంగతి. చిలక తరువాత మన దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఎక్కువభాగం ఆంధ్రలోనే ఉన్నది. చలికాలంలో ఫ్లెమింగోలు వేలుగా దిగుతాయి. సరస్సుకూ సముద్రానికీ నడుమనున్న శ్రీహరికోట నుండి 1971 మొదలు రాకెట్లు ఎగురుతున్నాయి. పడవ షికారు విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. 2011 డిసెంబరు 25న ఇక్కడ పడవ మునిగి 22 మంది ప్రాణాలు కోల్పోయారు. పిల్లలతో వెళ్ళేవారు ఒడ్డున నిలబడి చూడటమే మేలు.

ఊరికి కష్టాలు లేకపోలేదు. సరస్సు ముఖద్వారం ఇసుకతో పూడుకుపోతూ ఉంటుంది. అప్పుడు సముద్రపు నీరు లోపలికి రాక చేప, రొయ్య తగ్గుతుంది. దక్షిణాన ఎన్నూరు తట్టు విద్యుత్కేంద్రాలూ కొత్త రేవులూ పెరుగుతున్నాయి. వాటివల్ల తీరం కోసుకుపోతుందని, వేట దెబ్బతింటుందని బెస్తవారు భయపడుతున్నారు. ఒకసారి మహానగరం పక్కన ఉండి రేవును పోగొట్టుకున్న ఊరు, రెండోసారి సరస్సును పోగొట్టుకోకూడదు.

మనం చేయవలసిన పని

పళవేర్కాడు చరిత్రలో డచ్చివారి సంగతులే ఎక్కువ తెలుస్తున్నాయి. కారణమేమంటే వాళ్ళు లెక్కలు రాసుకున్నారు, ఉత్తరాలు దాచుకున్నారు, రాళ్ళు చెక్కించుకున్నారు. మనవాళ్ళు ఓడలు నడిపారు, గుడ్డలు ఎగుమతి చేశారు, మసీదులు కట్టించారు. కాని ఆ కాగితాలు ఎన్నో చెదలకు, వాననీళ్ళకు, వారసుల పంపకాలకు పోయాయి. రాసినవాడిదే చరిత్ర అవుతుంది, చేసినవాడిది కాదు.

ఇది ఒక్క పళవేర్కాడు మాట కాదు. బందరు, నిజాంపట్నం, మోటుపల్లి, కృష్ణపట్నం, భీమునిపట్నం, మన తీరమంతా ఇలాంటి ఊళ్ళే. గోల్కొండ సుల్తానుల కాలంలో బందరు నుండి హాజీలు ఓడలెక్కారు. ఆ ఊళ్ళలో మసీదులున్నాయి, దర్గాలున్నాయి, వక్ఫు దస్తావేజులున్నాయి, ఇనాం సనదులున్నాయి, పాత నిఖానామాలున్నాయి. ఎవరింటి అటక మీద ఏముందో ఎవరికి తెలుసు?

అందుచేత సంఘ సభ్యులకు ఒక మనవి. మీ ఇంట్లో పాత కాగితం ఏదైనా ఉంటే, చదవడం రాకపోయినా సరే, చించి పారవేయకండి. ఫార్సీ, ఉర్దూ, అర్వీ, మోడీ, ఏ లిపి అయినా చదవగలిగినవారు ఇంకా ఉన్నారు. ఫోటో తీయించి ఒక నకలు సంఘం కార్యాలయంలో పెట్టండి. మీ జమాతు మసీదు ఎప్పుడు కట్టారు, ఎవరు భూమి ఇచ్చారు, ముతవల్లీలు ఎవరెవరు అన్నది పెద్దలున్నప్పుడే అడిగి రాయించండి. దాదీ, నానీ చెప్పే ఓడల కథలు, కరువు కథలు పిల్లల చేత నోటుపుస్తకంలో రాయించండి. దీనికి చందా అక్కరలేదు, తీరిక చాలు. పిల్లల సెలవుల్లో వారిని ఇలాంటి ఊళ్ళకు తీసుకువెళ్ళి, ఇది మీ తాతల ఊరు వంటిదే అని చూపించండి.

మన పెద్దలు సముద్రం మీద దారి కనుక్కున్నారు. వారి జాడ దొరకడానికి మనం మన ఇంటి పాత పెట్టె మూత తెరిస్తే చాలు. అల్లాహ్ మనకు ఆ శ్రద్ధను ప్రసాదించుగాక, పేరు తెలిసినవారినీ పేరు తెలియనివారినీ తన రహ్మత్‌లో ఉంచుగాక. ఆమీన్.